పిట్టకన్ను

వ్యాపారం రాదట! ఆదరణ కూడికలో, నిండు చర్చిలో, మైకు పట్టుకుని కన్నకొడుకే అన్నాడు ఆ మాట. "మా అమ్మకు అన్నీ వచ్చు, ఒక్క వ్యాపారం తప్ప" అని. జనం నవ్వారు. పోయిన మనిషిని తలుచుకుని ముద్దుగా నవ్వే నవ్వు ఉంటుంది చూశారా, అది. నేను నవ్వలేదు. చివరి బెంచీలో కూర్చుని ఫోన్‌ను వేళ్ళ మధ్య తిప్పుతూ, లేచి అడ్డం మాట్లాడదామా వద్దా అని పళ్ళు కొరుక్కుంటున్నాను. కిటికీ అవతల అబిడ్స్ ట్రాఫిక్ హారన్లు కొడుతోంది. నా తరఫున అదే అరుస్తోందని సరిపెట్టుకున్నాను.

కూడిక అయిపోయి అందరూ బయట పలావు ప్లేట్లు పట్టుకున్నప్పుడు మాత్రం ఊరుకోలేకపోయాను.

"గట్లెట్ల అంటరన్నా మైకుల? ఆంటీకి వ్యాపారం రాదా?"

ఆయన నొచ్చుకోలేదు. అలసిపోయి ఉన్నాడు. "ప్రేమతోనే అన్న చెల్లె. నువ్వు జూడలేదా? కొనెటోన్ని చేతులదాక తెచ్చుకొని ఎనుకకు పంపుతుండె." ఆ వెంటనే, పెరుగు చట్నీ కలుపుకుంటూ, అసలు విషయం చెప్పాడు. వచ్చే నెలలో నాంపల్లి షాపు ఖాళీ చేస్తున్నాడట. సరుకంతా అమ్ముడుపోయింది, ఆ మేపుల్ చెక్క షీట్లు మాత్రం మిగిలాయి. "నువ్వు రీల్స్ మంచిగ జేస్తవు కదా, ఒకటి జేసి పెట్టు. పేరు మాత్రం అది వద్దు. ఆ పేరుతోనే అవి ఇన్నేండ్లు పడున్నయి. హనీ డ్రాప్స్ అని పెడుదం. తేనె బొట్లు. మంచిగుంది కదా?"

మంచిగానే ఉంది. అదే నా కోపం. ఆమె బతికి ఉన్నన్నాళ్ళూ ఏ పేరును మార్చనివ్వలేదో ఆ పేరును, ఆమె ఫోటోకు వేసిన దండ వాడకముందే మార్చమని నన్నే అడుగుతున్నాడు. ఇంతకూ ఏం పేరు, ఎవరామె అంటే, మీరు నాతో ఆ షాపు దాకా రావాలి.

నాంపల్లి స్టేషన్ పక్క సందులో ఉండేది. బోర్డు మీద ప్లైవుడ్, వెనీర్ అని రాసి ఉంటుంది. వెనీర్ అంటే తెలుసు కదా, అసలు చెక్కను కాగితమంత పలచగా కోసి ప్లైవుడ్ మీద అతికించిన షీటు. తలుపులకూ బీరువాలకూ వేస్తారు. లోపల ఆ షీట్లన్నీ నిలువుగా, పెద్ద పుస్తకాలు సర్దినట్టు నిలబడి ఉండేవి. వాటి మధ్య లేత రంగు నూలు చీరలో, మోచేతుల దాకా జాకెట్టుతో, దవడలో అల్లం మురబ్బా ముక్క పెట్టుకుని ఆమె. చిన్నప్పుడు మశూచి పోసిన మచ్చలు ముఖం నిండా ఉండేవి. మొదటిసారి చూసినప్పుడు అవే కనిపించేవి. ఆమె మాట్లాడటం మొదలుపెట్టాక ఎటు పోయేవో తెలియదు. స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ వినిపిస్తే మాట ఆపి, అది అయిపోయేదాకా ఆగి, ఎక్కడ ఆపిందో అక్కడి నుంచే మళ్ళీ మొదలుపెట్టేది. ఎవరో పెద్దమనిషి మధ్యలో మాట్లాడితే గౌరవంగా ఆగినట్టు.

ఇంటీరియర్ డిజైన్ కోర్సు పూర్తి చేసి, నన్ను నమ్మి ఎవరూ ఒక్క గోడ కూడా అప్పజెప్పని రోజుల్లో మొదటిసారి అక్కడికి వెళ్ళాను. శాంపిళ్ళు ఫోటోలు తీసుకుని పోదామని. నేను ఫోన్ ఎత్తగానే ఆమె షీటును గోడ వైపు తిప్పేసింది.

"ఫోటోల ఏం గనవడ్తది బిడ్డా?"

"కలర్ కనబడుతది కదా ఆంటీ."

"కలరే గావాల్నంటే పెయింట్ షాపుకు పో. గీడనే ఉంది, పక్కకు."

నాకు ముక్కు మీద కోపం. వెళ్ళిపోదామని వెనక్కి తిరిగాను. "ఓ పిల్లా, ఒక్క నిమిషం ఆగి పో" అని, ఆమె ట్యూబ్‌లైట్ ఆర్పేసింది. లోపలి వరుస నుంచి లేత గోధుమ రంగు షీటు ఒకటి లాగి, వాకిట్లో వెలుతురు పడే చోట గోడకు ఆనించింది. చూడటానికి ఏమీ లేదు. పాలిపోయిన చెక్క. మీద అక్కడక్కడా ఏవో చుక్కలు. బకెట్‌లో నుంచి తడిగుడ్డ తీసి, పిండి, పైనుంచి కిందికి ఒక్కసారి తుడిచింది.

వెనీర్ షాపుల్లో ఇది అందరూ చేసే పనే. పాలిష్ వేశాక ఎట్లా ఉంటుందో చూపించడానికి తడిగుడ్డతో తుడుస్తారు. కానీ ఆ రోజు నేను చూసింది పాలిష్ కాదు. గుడ్డ వెళ్ళిన దారి వెంట చెక్క మేలుకుంది. రంగు లోపలి నుంచి ఊరి వచ్చింది, తేనె లాగా కాదు, పొద్దున్నే కర్టెన్ వెనక వెలుతురు లాగా. ఆ వెలుతురులో చుక్కలు ఒక్కొక్కటే కళ్ళయ్యాయి. చిన్నవి. గుండ్రంగా, చుట్టూ సన్నని గీతతో, మధ్యలో నల్లని చుక్కతో. వందలు కావచ్చు. అన్నీ తెరుచుకుని ఉన్నాయి.

"గీ కొస నుంచి గా కొసకు నడువు" అంది. నడిచాను. నాతో పాటు అవీ కదిలాయి. ఇటు నుంచి పోతే ఉబ్బెత్తుగా, అటు నుంచి వస్తే గుంటలుగా. ఇంతలో పైన మెట్రో రైలు పోయి, దాని నీడ షీటు మీద నుంచి జారుకుంటూ వెళ్ళింది. ఆ నీడలో అన్నీ రెప్పలు వాల్చి, నీడ పోగానే మళ్ళీ తెరిచినట్టు అనిపించింది. ఒట్టు, నేను కవితలు రాసే రకం కాదు. అనిపించింది అంతే.

"పిట్టకన్ను అంటరు దీన్ని" అంది ఆమె. "బర్డ్స్ ఐ మేపుల్. చల్ల దేశాల చెట్టు. పిట్టలు పొడిస్తే గట్ల అయితదని ఎనుకట అనుకున్నరు. కాదన్నరు. చలికన్నరు, ఎండ సాలకనన్నరు, ఏదో రోగమన్నరు. ఏదీ ఖాయం గాలే. చెట్టును నరికి చీల్చిందాక లోపల కండ్లున్నయని ఖాయంగ ఎవ్వలూ చెప్పలేరు." కాసేపు మురబ్బా చప్పరించి, "ఏ పిట్ట కన్ను లెక్క ఉంది, చెప్పు" అంది.

ఈ ప్రశ్న ఆమె అందరినీ అడిగేది. కోర్టు నుంచి నల్లకోటుతోనే వచ్చిన వకీలు గద్ద అన్నాడట. వడ్రంగి ఒకాయన, కోయబోయే ముందు కోడి చూసే చూపు అన్నాడట. పెళ్ళి కుదిరిన అమ్మాయి పావురం అంటే, పక్కనున్న తల్లి గుడ్లగూబ అందట, అక్కడే వాళ్ళిద్దరికీ గొడవట. ఇవన్నీ చెప్పి ఆమె పొట్ట పట్టుకుని నవ్వేది.

నేను వెంటనే ఫోన్ తీసి పిట్టల కళ్ళు వెతకడం మొదలుపెట్టాను. ఆమె ఆ తడిగుడ్డను తీసి నా ఫోన్ మీద కప్పేసింది. కొత్త ఫోన్!

"ఆంటీ!"

"ఫోన్ల పిట్టను అడగలే, నిన్ను అడిగిన."

"నాకు పిట్టలు తెలియవు. మా అపార్ట్‌మెంట్ కిటికీలో పావురాలు తప్ప నేను ఏ పిట్టనూ దగ్గర నుంచి చూడలేదు. వాటి కళ్ళు కూడా చూడలేదు, తరిమేస్తాం."

ఆమె గుడ్డ తీసి, నా ఫోన్‌ను తన కొంగుతో శుభ్రంగా తుడిచి ఇచ్చింది. "మంచిది. అబద్ధం చెప్పలే. రేపు రా" అంది.

నేను వెళ్ళాను. ఆ తర్వాత ఎన్ని మధ్యాహ్నాలు అక్కడ గడిపానో లెక్క లేదు. పనేమీ ఉండేది కాదు. ఆమె షీట్లు ఒక్కొక్కటే పేజీలు తిప్పినట్టు తిప్పుతుంటే, ఒకే దుంగలో నుంచి వచ్చిన షీట్లలో ఒక కన్ను ఒక షీటు నుంచి ఇంకో షీటుకు కొంచెం కొంచెంగా పెద్దదవుతూ, మళ్ళీ చిన్నదవుతూ, చివరికి మూసుకుపోవడం చూస్తుండేదాన్ని. "చూసినవా, గిది నిద్రపోయింది" అనేది. నిజంగానే నాకూ నిద్ర వచ్చేది. బయట ఆటోలు, స్టేషన్‌కు పరుగెత్తే సూట్‌కేసుల చక్రాల చప్పుడు, లోపల చెక్క వాసన. నా జీవితంలో ఫోన్ మోగినా ఎత్తబుద్ధి కాని చోటు అదొక్కటే.

ఇక గొడవ దగ్గరికి వస్తాను.

అబిడ్స్‌లో ఒక బట్టల వ్యాపారి భార్య, నా మొదటి క్లయింట్. పడకగది మొత్తం నాకే ఇచ్చింది. తలుపు నచ్చితే మిగతా ఇల్లు కూడా నీకే అంది. నా మొత్తం బతుకు ఆ తలుపు మీద ఆగి ఉంది. పిట్టకన్నే వేద్దామని నిర్ణయించుకుని, ఆమెను షాపుకు తీసుకొచ్చే ముందు రోజు ఆంటీ దగ్గరికి వెళ్ళి చేతులు పట్టుకున్నాను.

"ఆంటీ, ప్లీజ్. ఆ మేడమ్‌కు దిష్టి, నజర్ అంటే చాలా పట్టింపు. పేరు మాత్రం చెప్పకండి. మేపుల్ అంటే చాలు."

ఆమె విని, మురబ్బా డబ్బా నా వైపు తోసింది. నేను అది ఔననే అనుకున్నాను.

మర్నాడు మేడమ్ వచ్చింది. ట్యూబ్‌లైట్ ఆరింది, షీటు బయటికి వచ్చింది, తడిగుడ్డ కిందికి దిగింది. మేడమ్ దగ్గరికి వచ్చి షీటు మీద చెయ్యి వేసింది. "అబ్బ, ఎంత మంచిగున్నది! ముత్యాలు చల్లినట్టు లేదూ? ఏమంటారండి దీన్ని?"

"మేపుల్ మేడమ్, ఫారిన్ మేపుల్" అన్నాను గబగబా.

"పూరా పేరు చెప్పు బిడ్డా" అంది ఆంటీ, గుడ్డ పిండుతూ.

నేను చెప్పలేదు. స్టేషన్‌లో ఏదో రైలు గురించి అనౌన్స్‌మెంట్ వచ్చింది. ఆమె అది అయ్యేదాకా ఆగింది. దేవుడా, ఆ రైలు ఎన్ని ఊళ్ళలో ఆగుతుందో అన్ని ఊళ్ళూ చదవాలని మొక్కుకున్నాను. అయిపోయింది.

"పిట్టకన్ను అంటరమ్మా" అంది.

"కన్నా?" మేడమ్ చెయ్యి షీటు మీద నుంచి వెనక్కి వచ్చేసింది. "పడకగది తలుపు మీద కండ్లా? రామ రామ! ఇంతమంది నన్నే చూస్తుంటే నేనెట్లా పడుకోవాలమ్మా?"

ఆమెతో పాటు ఇల్లు మొత్తం వెళ్ళిపోయింది. సందు చివరిదాకా వెంటపడ్డాను. లాభం లేదు. తిరిగి వచ్చి షాపు ముందే నిలబడి అరిచాను. చుట్టుపక్కల షాపుల వాళ్ళు బయటికి వచ్చి చూసేంతగా.

"మిమ్మల్ని ఎవరడిగిండ్రు ఆంటీ? మీకేం పోయింది? అబద్ధం చెప్పమనలేదు కదా, ఊరికే నోరు మూసుకొమ్మన్న. అంతే కదా!"

"లోపలికి రా. ఎండకు తల తిరుగుతది."

"రాను! నాకు మళ్ళీ ఎవరిస్తరు పని? మీకు ఎవరైనా బాగుపడితే కండ్ల మంట!"

అనేశాను. ఆమె స్టూలు తెచ్చి వాకిట్లో వేసి, నన్ను కూర్చోబెట్టి, తను గడప మీద కూర్చుంది.  నాకు కాదు, రోడ్డుకు చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

"నాకు పెండ్లి సంబంధాలు జూసేటప్పుడు మా నాయన అబిడ్స్‌ల స్టూడియోకు తోల్కపోయిండు. ఆ ఫోటో తీసినాయన మస్తు పనితనం ఉన్నోడు. నెగటివ్ మీద సన్న పెన్సిల్‌తోని గీకి గీకి నా మచ్చలన్నీ తీసేసిండు. ఒక్కటి మిగిల్తే ఒట్టు. ఫోటోల పిల్ల ఎట్లుండె అనుకున్నవు! నేనే కుళ్ళుకున్న. గా ఫోటో చూసి మెదక్ నుంచి మా ఆయన ఒప్పుకున్నడు."

"తర్వాత? చూసి కాదన్నడా?"

"ఏడ? చర్చిల నన్ను చూసిండు. ఒక్క గడియ చూసిండు. ఒక్క మాట అనలే. లగ్గం చేసుకున్నడు. మంచోడు బిడ్డా. ఎన్నడు చెయ్యెత్తలే, ఎన్నడు పెద్దగ మాట్లాడలే. గదే నా బాధ. మచ్చల ముచ్చట తీసి ఏమన్న అంటే కొట్లాడుదును, ఏడుద్దును, అయిపోతుండె. ఏమనలే. గాని గా ఫోటో మాత్రం ఆయన పర్సుల ఉంటుండె. పర్సులు మారినయి, ఫోటో మారలే. పైసలు తీసేటప్పుడల్లా ఆమె మొఖం చూసేటోడు. నా సవతి!"

చివరి మాటకు నాకు నవ్వు వచ్చింది. ఆమె కూడా నవ్వింది. 

"నా మొఖం తెలిసి ఒప్పుకొని ఉంటే? ఉండునేమో. మంచోడు కదా, ఒప్పుకునేటోడేమో. గని గా సంగతి నాకు ఎన్నటికీ తెల్వకపాయె. అడిగే అవకాశాన్నే మా నాయన పెన్సిల్‌తోని గీకిచ్చేసిండు."

"ఆ ఫోటో ఇప్పుడేది ఆంటీ?"

"ఆయన పోయిన్నాడు, పెట్టెల వెట్టే ముందల పర్సు తీసి నా చేతికిచ్చిన్రు. పైసలు తీసుకొని, ఆమెను తీసి ఆయన అంగీ జేబుల వెట్టిన. పోనీ, ఇద్దరు కలిసి పోనీ అనుకున్న." కొంగుతో మూతి తుడుచుకుని లేచింది. "నీ పని ఖరాబైంది, నాకు ఎరికే. గని పేరు తెల్వకుండ ఇంటికి తీస్కపోయినంక, ఎవడో ఒకడు చుట్టం ఒచ్చి గివి పిట్టకండ్లు కదా అంటడు. గప్పుడు ఆమె ఆ తలుపును ఎట్ల చూస్తదో సోంచాయించు. చెక్క ఏం తప్పు జేసింది?"

నాకు ఆ రోజు అది అర్థం కాలేదని చెప్పను. అర్థమైంది, కోపం తగ్గలేదు, అంతే. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆ మేడమ్ పెట్టిన స్టేటస్‌లో కొత్త పడకగది చూశాను. తలుపు మీద అవే కళ్ళు! అచ్చం అదే డిజైన్ కాగితం మీద అచ్చు వేసి చేసిన లామినేట్ షీటు, వేరే షాపులో కొన్నది, ఏదో ముత్యాల పేరుతో. ఫోన్ పట్టుకుని నాంపల్లికి పరుగెత్తి ఆంటీకి చూపించాను. ఆమె కళ్ళద్దాలు సర్దుకుని, స్క్రీన్‌ను ఇటు నుంచి అటు వంచి చూసింది.

"గివి ఆమెను చూడవు తియ్. సుఖంగ పండుకుంటది" అంది.

అట్లాంటి మనిషి. దగ్గొస్తే దవాఖానకు పొమ్మంటే, షాపు మీది తాళం చూస్తే కొనేవాళ్ళు పరేషాన్ అవుతరు అనేది. ఆ కొనేవాళ్ళు ఎవరో దేవుడికే తెలియాలి. చివరికి అన్న, అదే ఆమె కొడుకు, బలవంతాన తీసుకుపోతే, అక్కడ మంచం పక్క లామినేట్ టేబుల్‌ను వేలితో కొట్టి చూసి, "గిది ఉత్త కాగితం" అందట నర్సుతో. ఆ మాట కూడా కూడికలో చెప్పి నవ్వించాడు ఆయన. ఆ కథకు మాత్రం నాకూ నవ్వు వచ్చింది, కళ్ళల్లో నీళ్ళతో.

మొన్న షాపుకు వెళ్ళాను, రీల్ చేయడానికే. అన్న తాళం తీసి ఇచ్చి, ఎవరినో తీసుకొస్తానని వెళ్ళాడు. రాక్‌లన్నీ ఖాళీ. ఆ షీట్లు మాత్రం వెనక గోడకు ఒదిగి నిలబడి ఉన్నాయి. ఒకటి లాగి వాకిట్లో పెట్టాను. గుడ్డ తడిపి తుడిచాను. ఫోన్ పట్టుకుని ఆ కొస నుంచి ఈ కొసకు నడిచాను. వీడియో చూసుకుంటే చుక్కలున్న చెక్క, అంతే. మళ్ళీ తీశాను. మళ్ళీ చుక్కలే. ఫోన్ స్టూలు మీద పెట్టేసి ఊరికే నిలబడ్డాను. మెట్రో నీడ వచ్చింది, పోయింది. తడి ఆరుతున్న కొద్దీ కళ్ళు ఒక్కొక్కటే వెనక్కి, చెక్క లోపలికి, అవి ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడికి వెళ్ళిపోతున్నాయి. మళ్ళీ తడిపాను. అట్లా ఎంతసేపు తడుపుతూ ఉన్నానో నాకే తెలియదు.

అన్న ఒక కాంట్రాక్టర్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. అబిడ్స్‌లో ఏదో హోటల్ లాబీ పనట. మొత్తం షీట్లు తీసుకుంటాడట. అన్న ముఖంలో కూడిక తర్వాత మొదటిసారి వెలుగు చూశాను. "చూడున్రి సార్, హనీ డ్రాప్స్. మార్కెట్‌ల ఎక్కడ దొరకది" అంటున్నాడు. కాంట్రాక్టర్ వంగి, తడి మీద వేలు పెట్టి చూశాడు. మురిసిపోయాడు. ఖాయం చేసుకునే ముందు నా వైపు తిరిగి, "మీరు డిజైనరా మేడమ్? ఏం చెక్క ఇది, అసలు?" అన్నాడు.

అన్న నన్ను చూశాడు. బతిమాలుతున్న చూపు. నేను ఆ చూపును గుర్తుపట్టాను, ఎందుకంటే ఒకప్పుడు ఇదే వాకిట్లో అది నాది.

"బర్డ్స్ ఐ మేపుల్ సార్" అన్నాను. "పిట్టకన్ను అంటరు. ఈ కండ్లు ఎందుకు వస్తయో ఇంతవరకూ ఎవరికీ తెలియదు."

కాంట్రాక్టర్ చెయ్యి వెనక్కి తీసుకోలేదు, అది చెప్పాలి. కాసేపు అట్లాగే ఉంచాడు. తర్వాత, "పార్టీని అడిగి చెప్తా. లాబీ కదా, వాస్తు చూసేటాయన ఉంటడు" అని వెళ్ళిపోయాడు. ఇప్పటిదాకా ఫోన్ రాలేదు.

అన్న అరవలేదు. అరిస్తే బాగుండేది. తలుపుకు తాళం వేస్తూ, నా వైపు చూడకుండా, "షాపు నాది. అమ్మ నాది. నీదేం పోయింది చెల్లె?" అన్నాడు. నేను ఫోన్ పట్టుకుని మెట్రో స్టేషన్ దాకా నడిచాను.

ఆయన అన్నది నిజం. షాపు ఆయనది. అమ్మ ఆయనదే. నెలాఖరుకు ఆ షీట్లను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కష్టపడేది కూడా ఆయనే, నేను కాదు. ఇదంతా ఒప్పుకుంటాను. కానీ ఒకరి సొత్తు మనకు వచ్చినంత మాత్రాన, వాళ్ళు నష్టపోయి మరీ నిలబెట్టిన మాటను చెరిపేసే హక్కు కూడా మనకే వచ్చేస్తుందా? వస్తుందనే అంటారా మీరు?